ఏడో నంబరు పేరు

అధ్యక్ష స్థానంలో ఉన్న వినాయక్ గారికి, చంద్రపూర్ తెలుగు సమాజం పెద్దలకు, మా కాలేజీలో నాతో పనిచేసిన మిత్రులకు, ముందు కుర్చీలన్నీ ఖాళీగా వదిలేసి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నా విద్యార్థులకు (ముప్పై రెండేళ్లు పాఠం చెప్పి ఈ ఒక్క అలవాటు మాన్పించలేకపోయాను) నమస్కారం. (నవ్వులు)

ముందుగా ఒక సంగతి ఒప్పుకుంటాను. ఈ ప్రసంగం తెలుగులోనే రాసుకున్నాను గానీ, మరాఠీ అక్షరాల్లో రాసుకున్నాను. మరాఠీ బడిలో చదివినదాన్ని, తెలుగు నోటికి వచ్చినట్టు చేతికి రాదు. మధ్యలో ఎక్కడైనా తడబడితే, పాపం, కోమల మేడంకు దుఃఖం పొంగుకొచ్చింది అనుకుని సర్దుకుపోండి.

వినాయక్ గారు ఇందాక నన్ను చాలా పొగిడారు. మన తెలుగువాళ్ల ఆడపిల్లల్లో నాగపూర్ వెళ్లి సోషియాలజీ, క్రిమినాలజీ చదివిన మొదటిదాన్ని నేనేనట. అయి ఉండవచ్చు. ఆ రోజుల్లో మా నాన్న మాత్రం అలా పొగడలేదు. "మిఠాయి దుకాణపోని బిడ్డవు, దొంగల చదువు నీకెందుకే? దొంగలను జూడాలంటే మన గల్లా కాడ కూసో, దినాం నలుగురొస్తరు" అన్నాడు. అని, మర్నాడే నన్ను బస్సెక్కించి, వద్దన్నా వినకుండా బూందీ డబ్బా ఒళ్లో పెట్టాడు. ఆయన పంపకపోతే ఇవాళ ఈ శాలువా నా భుజం మీద ఉండేది కాదు.

నా విద్యార్థులకు 'పెన్ను లేని రోజు' బాగా తెలుసు. ఎవరి దగ్గరకు సర్వేకు వెళ్లినా మొదటి రోజు కాగితం, కలం తీసుకుపోకూడదు, ఆ ఇంటివాళ్లు ఏ పని చేస్తే ఆ పని చేసి రావాలి. అదిగో, ప్రజ్ఞ నవ్వుతోంది. ఇవాళ ఆమె పోలీసు అధికారి. ఆనాడు మాత్రం మిరప చేనులో కాయలు కోసి వచ్చి, చేతులు మంటలని మూడు రోజులు నన్ను తిట్టుకుంది. ఈ పద్ధతి మేడం ఏదో గొప్ప పుస్తకంలో చదివి తెచ్చిందని మీరంతా అనుకుంటారు. కాదు. ఒక ఆడమనిషి నాకు నేర్పింది. ఆమె ఈ హాలులోనే ఉంది. ఆమె పేరు నేను ముప్పై అయిదేళ్లుగా ఎక్కడా చెప్పలేదు. ఇవాళ చెప్పాలనే వచ్చాను.

నా ఎం.ఏ. పరిశోధన వ్యాసం సాస్తి గని దారిలో లారీల నుంచి జారిపడిన బొగ్గు ఏరుకునే ఆడవాళ్ల గురించి. చట్టం లెక్కన అది దొంగతనం. పదకొండు మందితో మాట్లాడాను. తెలుగు పిల్ల వచ్చిందని వాళ్లు చాయ్ పోసి, దాచుకోకుండా అన్నీ చెప్పారు. పేర్లు మార్చి రాయమని మా సారు చెబితే, నేను ఇంకా తెలివిగా, పేర్లు తీసేసి నంబర్లు వేశాను. నంబరు ఏడు గురించి రాస్తూ, బోరింగు పక్క ఇల్లు, ఎడమ చేతికి నాలుగే వేళ్లు, వాకిట్లో నల్లమేక అని కూడా పూసగుచ్చినట్టు రాశాను. పేరు లేదు కదా అని నా ధైర్యం.

పరీక్ష పాసయ్యాక నాకు ఈ హాలులోనే సన్మానం చేశారు. అప్పటి సమాజం పెద్ద లక్ష్మయ్య గారు, మంచి మనిషి, మురిసిపోయి నా వ్యాసంలో ఒక పేజీ తీసి మరాఠీలోంచి తెలుగులోకి మార్చుతూ గట్టిగా చదివారు. ఏ పేజీయో మీకు అర్థమై ఉంటుంది. బోరింగు, నాలుగు వేళ్లు, నల్లమేక. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఎందుకంటే ఆమెను నేనే ముచ్చటపడి పిలిచాను. కొంగు సర్దుకుని, పంక్తిలో విస్తళ్లు వేస్తుండగా భోజనం చేయకుండా వెళ్లిపోయింది. వారం తిరక్కుండా గని కాపలావాళ్లు ఆ బోరింగు దగ్గర నిలబడ్డారు. ఆరు నెలలు ఆమె బొగ్గు మానుకుని కోర్పనా వైపు పత్తి ఏరడానికి పోయింది. ఆ తప్పు లక్ష్మయ్య గారిది కాదు, నాది.

పత్తి పని ముగించి ఆమె తిరిగి వచ్చిందని తెలిశాక క్షమాపణ అడగడానికి వెళ్లాను. ఆమె గంప చేతికిచ్చి, "ముందుగాల ఇది ఎత్తు, తర్వాత మాట్లాడు" అంది. గంపెడు బొగ్గు నెత్తిన పెట్టుకుని మైలు దూరం నడిచాను. అదే మొదటి పెన్ను లేని రోజు. ఇంటికి వచ్చాక నీళ్లిచ్చి, నెమ్మదిగా అడిగింది: "ఏరినోళ్లకు నంబర్లేసినవు. కొన్నోళ్లకు నంబర్లు లేవా బిడ్డా?"

ఆ బొగ్గు ఎవరు కొనేవారో నాకు తెలుసు. చిన్నప్పుడు మా పెరటి గుమ్మం దగ్గర గోనెసంచి మూతి పట్టుకున్నది నేనే. దారి మీద ఉన్నంతసేపు అది దొంగ బొగ్గు, మా పెరట్లోకి వచ్చేసరికి ఉత్త బొగ్గు. అదంతా చూస్తూ పెరిగి, రెండేళ్లు నేరశాస్త్రం చదివి కూడా, ఆ సంగతి రాయాలని నాకు తోచలేదు. నా చదువుకు అంతకన్నా పెద్ద ప్రశ్న తర్వాత ఎవరూ వేయలేదు.

ఆ తర్వాత ఏటేటా నా విద్యార్థులను ఆమె వాకిట్లో కూర్చోబెట్టాను. మొన్న వెళ్లి, "అత్తా, సభలో నీ పేరు చెప్పనా?" అని అడిగాను.

"గప్పుడు అడగకుంట చెప్పినవు, గిప్పుడు అడుగుతున్నవు. ముప్పై అయిదేండ్ల సదువు గింతేనా?" అని నవ్వింది. అవునత్తా, ఇంతే. తర్వాత నవ్వు ఆపి, "చెప్పు. గాని నా ఒక్కదాని పేరే అయితే వద్దు" అంది.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఈ వేదిక కట్టించిన దాతగా మా నాన్న పేరు నా కాళ్ల కింది రాతి మీదే ఉంది. తమ్ముడు అరవింద్‌తో చెబితే, "నాన్న ఉంటే తనే చెప్పేటోడు అక్కా" అన్నాడు. తమ్ముడూ, తల దించుకోకు.

సిరిపురం తిరుపతమ్మ. బొగ్గు ఏరింది. మిఠాయి దుకాణం ఎల్లన్న, మా నాన్న. ఆ బొగ్గు కొన్నాడు. ఆ బొగ్గు పొయ్యి మీద కాగిన పాకంతోనే నేను నాగపూర్‌లో చదువుకున్నాను. నన్ను చదివించింది వాళ్లిద్దరూ. ఇద్దరికీ ఈ సభలో చేతులెత్తి దండం పెడుతున్నాను. (చప్పట్లు)

ఇక చాలు. వినాయక్ గారు గడియారం చూస్తున్నారు, లోపల విస్తళ్లు వేస్తున్నారు. లడ్డూలు మా అరవింద్ దుకాణానివే, భయపడకండి, ఇప్పుడు గ్యాసు మీదే చేస్తున్నాడు. (నవ్వులు) ఇన్నేళ్లు నన్ను భరించిన కాలేజీకి, పిలిచి గౌరవించిన సమాజానికి, ఎండలో నా వెంట తిరిగిన పిల్లలకు మనసారా కృతజ్ఞతలు.

తిరుపతమ్మత్తా, ఆనాడు తినకుండా వెళ్లావు. ఇవాళ నా పక్కన కూర్చో. నువ్వు మొదటి ముద్ద పెట్టుకున్నాకే నేను తింటాను. సెలవు.