బెజవాడలో చలి పాఠం

భవానీపురం సైకిల్ షాపులో స్టూలు మీద కూర్చున్న అమ్మాయికి రేపే ప్రయాణం. జనవరిలో, హిమాచల్ మంచుకొండల్లో, సైకిల్ మీద ఒక్కతే. పంచర్ వేయడం నేర్చుకుందామని మేస్త్రీ దగ్గరికొచ్చింది.

"ట్యూబు నీళ్ళలో ముంచితే బుడగలొస్తాయి. అంతేగా బాబాయ్?"

"అక్కడ నీళ్ళు గడ్డకట్టి ఉంటాయమ్మా. ట్యూబులో గాలి కొట్టి పెదవుల దగ్గర పెట్టుకుని చూడు. గాలి తగిలిన చోటే చిల్లు."

"తర్వాత సొల్యూషన్ జిగురు రాసి ప్యాచ్ వేస్తా."

"సొల్యూషన్ బ్యాగులో పెట్టకు. చలికి గట్టిపడిపోద్ది. చంకలో పెట్టుకో."

ఆమెకు నవ్వొచ్చింది. "ఎండ గురించైతే చెప్పొచ్చు. బెజవాడలో ఉండి చలి సంగతి మీకెలా తెలుసు?"

"మొన్న నువ్వు వెళ్తానన్నాక, చేపల ఐస్ గోడౌన్‌లో కూర్చుని మూడు పంచర్లు వేశా. రెండు ఊడిపోయాయి. సొల్యూషన్ చంకలో పెట్టుకున్నాక వేసిందే నిలిచింది."

ఆమె స్టూలును మేస్త్రీ దగ్గరికి జరుపుకుంది.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పండి బాబాయ్."