హారన్లలో పలకని రికార్డు

"మావయ్యగారూ, ఆ రెగ్గే రికార్డు మీకెలా దొరికింది?" అని కాపరానికొచ్చిన కొత్తలో అడిగాను.

దొరకడమేంటమ్మా, ఏళ్ళ తరబడి మా కొట్లోనే ఉంది, మేమే చూడలేదు. గుడివాడలో ఇంటి ముందుగదిలోనే మనకి మైక్‌సెట్ కొట్టుండేది, తెలుసుగా. పెళ్ళికైనా, ఓణీల ఫంక్షన్‌కైనా, మొవ్వ దాటి చల్లపల్లి దాకా మన గొట్టం హారన్లే మోగేవి. బందర్లో ఒకాయన, ఓడలో పనిచేసొచ్చినాయన, ఇల్లు ఖాళీ చేస్తూ రికార్డులన్నీ గంపగుత్తగా ఇచ్చేశాడు. ఏరుకోనివ్వలేదులే. అందులో ఇదొకటి. అట్టకి చెదపట్టి పేరు సగం పోయింది. హారన్లకి పెడితే ఏముందీ, చిక్కు చిక్కు అని గిటారు, ఎక్కడో దూరాన మనిషి గొంతు. మధ్యంతా ఖాళీ. పాడైన సరుకనుకుని అడుగున పడేశా.

తర్వాత క్యాసెట్లొచ్చినియ్... కాదు కాదు, క్యాసెట్లు ముందే వచ్చినియ్, అప్పుడొచ్చింది స్పీకర్ బాక్సులు. తొంభైల్లో సంగతి. మా బావమరిది, అదే, మీ అత్తయ్య తమ్ముడు, నా ఎత్తు బాక్సులు తెచ్చి దింపాడు. ఈ రికార్డులు తూకానికేసెయ్ బావా, చోటు కావాలన్నాడు. మీ అత్తయ్యా వాడి పక్షమే. పాత సామాన్లాయనకి కబురు కూడా పెట్టింది. నాకు అన్నం సయించలా. రికార్డులు పోతే మిగిలేది వాడి క్యాసెట్లే, ఏ పాట ఎప్పుడెయ్యాలో చూసుకునేది ఇంక వాడే, నేను వైర్లు చుట్టే మనిషినేగా.

సరే, పోయేముందు ఓసారి విందామని బాక్సులకి తగిలించి ఒక్కోటీ పెడుతున్నా. అడుగునున్నది చేతికొచ్చింది. ముల్లు ఆనించానో లేదో, కింద నుంచి ఏదో లేచిందమ్మా. బేసు. గచ్చు అదిరింది, వంటింట్లో గ్లాసులు గలగలమన్నాయి. హారనుకి బేసెక్కడ పలుకుద్ది? పాటలో ప్రాణమంతా అందులోనే ఉంటే, మేం ఇన్నాళ్ళూ మిగతాది విని, బాలేదన్నాం.

చూశావా నా బాక్సులని బావమరిది ఒకటే మిడిసిపాటు. మీ అత్తయ్య మాత్రం వేరేది వింది. ఆవిడ పుట్టిల్లు పెడన. పెళ్ళయ్యేదాకా కలంకారీ అచ్చులేసిన చెయ్యి ఆవిడది. అచ్చు గుడ్డ మీద ఆనిస్తారు, రవ్వంత ఆగుతారు, పిడికిలితో గుద్దుతారు. పాట సరిగ్గా అట్లాగే ఆగి గుద్దుతోంది. గుమ్మంలో నిలబడి వింటున్న ఆవిడ పిడికిలి దానంతటదే తలుపు మీద పడుతోంది.

ఇంతలో పాత సామాన్లాయన తక్కెడ దించాడు. ఆవిడే అంది, "ఆ హారన్లు పట్టుకెళ్ళవయ్యా. వాటిని నమ్ముకుని సగం పాటే విన్నాం."

హారన్లు పోతుంటే కాస్త బాధేసిందనుకో. కానీ రికార్డులు నిలబడ్డాయిగా. తర్వాత కాలేజీ లెక్చరర్‌గారొకాయన విని, దీన్ని రెగ్గే అంటారండీ, జమైకా వాళ్ళది, ఈ పాటని వాళ్ళూ మర్చిపోయుంటారు అన్నారు. చల్లపల్లిలో ఊరేగింపు ఆగినచోట పెడితే పెళ్ళికొడుకు మేనత్త చీర చెంగు దోపి ఆడింది. ఏ సినిమాలోదండీ అని ఒకటే అడగడం.

నీక్కూడా ఈ ఇంట్లో, నువ్వు చెప్పేది అడుగుదాకా వినేవాళ్ళే ఉండాలమ్మా. చల్లగా ఉండు. ఏదీ, ఆ రికార్డు ప్లేయర్ మూత తియ్యి, ఓసారి పెడదాం. మెల్లిగా... ముల్లు జాగ్రత్త...