తలుపు తీశాక పద్నాలుగు రోజులు

మిన్నెసోటాలోని ఆ వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో, అంటురోగమని మూసిన గది తలుపు తీసి అది పదిహేనో రోజు. నర్సు కాగితాలతో వచ్చి మంచం పక్కన కూర్చోగానే ముసలావిడ తలుపు వైపు చూసింది.

"మళ్ళీ తలుపేస్తారా అమ్మాయ్?"

"లేదు ఆర్డిస్ గారూ. తలుపు తీసిన పదిహేనో రోజున మీ బాగోగులు కొత్తగా రాయాలి, అంతే. ఈ పద్నాలుగు రోజుల్లో ఒంటరిగా అనిపించిందా?"

"తలుపు వేసి ఉన్నప్పుడా?"

"అది లెక్కలోకి రాదండీ. తీశాకే."

"బంధించినప్పుడు అడగరు, వదిలేశాక అడుగుతారు. ఇదేం పద్ధతో నాకు బోధపడదు."

"కాగితంలో అలాగే ఉందండీ. అనిపించిందా?"

"రోజూ."

నర్సు 'అవును' దగ్గర టిక్కు పెట్టి తలెత్తింది.

"తలుపు బార్లా తెరిచే ఉందిగా?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. తలుపేసి ఉన్నప్పుడు రోగం అంటకుండా పసుపు గౌనూ మాస్కూ తొడుక్కుని వచ్చేవారు. అంత అవస్థపడి వచ్చాక ఊరికే పోతారా? తల దువ్వేవారు, కాఫీలో రొట్టె ముంచి పెట్టేవారు, అరగంట కూర్చునేవారు. ఇప్పుడు గుమ్మంలోంచే 'బాగున్నారా' అనేసి పోతున్నారు."

నర్సు అదంతా కాగితం మీద రాసుకుంది.

"ఆ గౌను తొడుక్కోడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలండీ."

"అయితే రేపట్నుంచి తొడుక్కునే రా."