నిండు గ్యాస్ బండ

క్రిస్మస్ ముందురోజు రేపల్లె చర్చిలో ఫైరింజన్ వాళ్లకు శాలువాలు కప్పారు. పోయిన వారం ఇల్లు కాలిపోయిన ముసలావిడ, చర్చివాళ్లు ఇచ్చిన దుప్పటి చంకన పెట్టుకుని, వాళ్లలో ఒకణ్ణి గేటు దగ్గర ఆపింది.

“నా గ్యాస్ బండ ఎవరికి అమ్మావబ్బాయ్?”

“దానికీ మంట అంటుకుంది మామ్మగారూ. పేలితే వీధంతా పోయేదని కాలవలో పడేశానండి.”

“నిండు బండ! ఒక్కడివే మోశావా?”

“తడి గోనె కప్పి దొర్లించానండి.”

“అయితే చెయ్యి కాలి ఉండాలే. ఏదీ?”

శాలువా కింద దాచిన చేతిని ఆవిడే బయటికి లాగింది. మోచేతి దాకా కట్టు ఉంది.

“పండక్కి ఇంటికెళ్లవా?” ఆవిడ గొంతు తగ్గింది.

“అమ్మ బాపట్లలో ఉందండి. ఇది చూస్తే ఉద్యోగం మానిపిస్తుంది. సెలవు దొరకలేదని చెప్పా.”

“అబద్ధాలకోరువని ముందే అనుకున్నా. అబద్ధమాడింది మీ అమ్మతోనా? ఫోను కలుపు, నేను మాట్లాడతా.”