కేశవరావు గారి ఫ్రీ రేంజ్ కోడి

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా వీధి చివరి ఇల్లు కేశవరావు అంకుల్‌ది. ఆయన నోరు విప్పితే కోతలు, సీతారావమ్మ ఆంటీ పొయ్యి వెలిగిస్తే విందు. అందుకని ఆంటీ పిలిస్తే మేం ముందూ వెనకా చూసుకోం. ఆ ఆదివారం పిలుపు మరీ గొప్పది. పెరట్లో పెంచుకుంటున్న చుక్క అనే పెట్ట గుడ్లు మానేసినట్టుందని ఆంటీకి అనుమానం. గుడ్లు పెట్టినన్నాళ్ళూ మేపుతాను, మానేసిన రోజు కోసేస్తాను అని ఆవిడ దాన్ని తెచ్చిన రోజే చెప్పేసింది. "నాటుకోడి పులుసు, గారెలు. నువ్వూ సాయిప్రియా రండి సంజయ్" అంది ఫోన్‌లో. నేనూ మా ఆవిడా పొద్దున టిఫిన్ కూడా మానేసి వెళ్ళాం.

వెళ్ళేసరికి పప్పు రుబ్బుతున్న మోత వినిపిస్తోంది గానీ, కోడి మాత్రం పెరట్లో దర్జాగా తిరుగుతోంది. అంకుల్ వెనక వరండాలో, పెరట్లోకి ఎవరూ దిగకుండా మెట్లకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మా చేతుల్లో టీ కప్పులు పెట్టి మొదలెట్టారు.

"కూర్చో అబ్బాయ్. పులుసు సంగతి మర్చిపో. చుక్క గుడ్లు మానేసిందని ఎవరన్నారు? మీ ఆంటీయా? ఆవిడకేం తెలుసు, ఏనాడైనా గూటి మొహం చూసిందా? రోజూ పొద్దున్నే వెళ్ళి గుడ్డు తెచ్చేది నేను. ఇవాళ కూడా పెట్టింది. ఊరికే పెట్టడం కాదు, దానికో పద్ధతుంది. తెల్లన్నం మెతుకు ముట్టదు. కొర్రలు, అండుకొర్రలు, మునగాకు, అంతే. మునగ ఈ మెల్‌బోర్న్ చలికి బతకదని కుండీలో వేసి, గరాజ్‌లో హీటర్ పెట్టి పెంచుతున్నా. కారు బయట మంచులో తడుస్తుంది, మునగ లోపల వెచ్చగా ఉంటుంది. ఆ ఆకు తిన్నాక గుడ్డుకి రెండేసి సొనలు రావడం మొదలైంది."

"రెండు సొనలు అప్పుడప్పుడూ మామూలే అంకుల్" అన్నాను.

"అదేగా చెప్తున్నా, అది మొదట్లో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ రోజు మీ ఆంటీ షాపులో దాణా బస్తా కొనుక్కొచ్చి దాని ముందు పెట్టింది. చుక్క బస్తా చుట్టూ ఓసారి తిరిగింది, వెనక చిన్న అక్షరాలున్న చోట ఆగింది, మెడ ఇలా వంచి పైనుంచి కిందిదాకా చదివింది. చదివి, కాలితో మట్టి ఎగజిమ్మి వెళ్ళిపోయింది. ఏవిటా అని నేను కళ్ళజోడు పెట్టుకుని చూస్తే మూడో వరసలో మొలాసిస్! అంటే ఏవిటి? చక్కెర! మనం ఏం చేస్తాం? డబ్బా ముందువైపు ఆరోగ్యానికని వేసిన నక్షత్రాలు చూసి మురిసిపోయి ట్రాలీలో పడేసుకుంటాం. అది వెనక్కి తిప్పి చూసిందయ్యా!"

సాయిప్రియ కూడా డబ్బా వెనక చదవందే ఏదీ కొనదు. ఒక్క పెరుగు డబ్బా కోసం నన్ను ఫ్రిజ్ ముందు వణికేదాకా నిలబెడుతుంది. "మీ కోడి నాకు నచ్చింది అంకుల్" అంది.

"నచ్చదా మరి! బయట కొనే కోళ్ళలాంటిది కాదమ్మా, వాటికి హార్మోన్లు పొడుస్తారు..."

"ఇక్కడ కోళ్ళకి హార్మోన్లు వెయ్యరు అంకుల్. అరవైల్లోనే మానేశారు. వాట్సాప్‌లో వచ్చేదంతా నమ్మకండి" అంది సాయిప్రియ.

"అదే నేను చెప్పబోతున్నా. ఎందుకు మానేశారు? చుక్క వాళ్ళ ముత్తవ్వ ఒప్పుకోలేదు. ఆ వంశం అలాంటిది. సరే, నువ్వు కొనే గుడ్ల అట్టపెట్టె మీద ఫ్రీ రేంజ్ అని, అంటే కోళ్ళు బయట స్వేచ్ఛగా తిరుగుతాయని, ఉంటుంది కదా, దాని కింద ఏముంటుంది? హెక్టారుకి పదివేల కోళ్ళని! పదివేల మందిని ఒక హెక్టార్లోకి తోలి, ఇదే మీ స్వేచ్ఛ అంటే మనం ఊరుకుంటామా? నాకు మనసొప్పలేదు. గేటు బార్లా తీసేశా. పోవే తల్లీ, వెర్రిబీ అంతా నీదే అన్నా. మొదట్లో నది దాకా వాకింగ్ చేసి వచ్చేది. తర్వాత జూ దాకా."

"జూకా? టికెట్ ఎవరు కొన్నారు?" అన్నాను.

"దానికి టికెట్టేవిటయ్యా, అక్కడివాళ్ళు అది తమదే అనుకున్నారు. ఖడ్గమృగాల పక్కనుంచి తల ఎత్తుకుని నడిచి, తిన్నగా సింహం దగ్గరికి పోయింది. అప్పటికి ఆ సింహం మాంసం ముట్టడం మానేసింది. డైటో, దిగులో ఎవరికీ తెలీదు. చుక్క దాని ముందు ఒక గుడ్డు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. సింహం అది తిని గర్జిస్తే పక్కపేట హాపర్స్ క్రాసింగ్‌లో కార్ల అలారాలన్నీ మోగాయి. నువ్వు వినలేదూ?"

"నేను డ్యూటీలో ఉన్నానేమో. అయినా సింహం చుక్కని ఎందుకు తినలేదు?"

"ఎలా తింటుందయ్యా? అంత ఆరోగ్యంగా ఉన్న ప్రాణిని చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది గానీ ఆకలేస్తుందా? సింహానికున్న పాటి ఇంగితం కొందరికి లేదు!" ఆఖరి ముక్క వంటింటి వైపు తిరిగి గట్టిగా అన్నారు.

"పిండి రెడీ అయింది. నూనె పెడుతున్నా. మీ పురాణం త్వరగా తేల్చండి" అంది ఆంటీ లోపల్నుంచి.

అంకుల్ కుర్చీ ఇంకాస్త మెట్ల మీదికి జరుపుకున్నారు.

"ఇక నా కొలెస్టరాల్ సంగతి వినండి. చుక్క గుడ్లు తినడం మొదలెట్టాక బ్లడ్ టెస్ట్ చేయించా. డాక్టరమ్మ రిపోర్టు అటు తిప్పి ఇటు తిప్పి, మీ కొలెస్టరాల్ ఏదండీ అంది. ఇంట్లో ఎక్కడైనా మర్చిపోయానేమో చూస్తానన్నా. నాది పోవడమే కాదు, వెయిటింగ్ రూమ్‌లో నా పక్కన కూర్చున్న వాళ్ళక్కూడా తగ్గిపోయింది. ఇప్పుడు నేను వెళ్తే చాలు, జనం మెడికేర్ కార్డులు పట్టుకుని నా పక్క కుర్చీ కోసం క్యూ కడుతున్నారు."

"అబ్బో!" అంది సాయిప్రియ.

"అబ్బో అనడానికి ఇంకా టైముందమ్మా. మొన్న సాయంత్రం ఆమ్లెట్ వేద్దామని గుడ్డు పగలగొట్టా. ఏం వెలుగది! ఆ సొన రంగు కిటికీలోంచి పక్కింటి మీద పడింది. బయట చూస్తే చీకటి, వాళ్ళ సోలార్ ప్యానెళ్ళు చూస్తే టకటకా కరెంటు తయారు చేసేస్తున్నాయి. పొద్దున కరెంటు కంపెనీవాడొచ్చి వాళ్ళ మీటరు చూసి, మీ వీధిలో రాత్రిపూట కూడా సూర్యుడుంటాడా అని నన్నడిగాడు. ఉండడు నాయనా, మాకు చుక్క ఉంది అని చెప్పి పంపా. అలాంటిదాన్ని పట్టుకుని పులుసు పెడతారా? మెల్‌బోర్న్ చీకటైపోదూ!"

ఆంటీ చేతికి పిండితోనే బయటికొచ్చింది. "ఇవాళ పెట్టిందన్నారుగా. ఏదీ, చూపించండి. గుడ్డుంటే దాని జోలికి రాను. లేకపోతే మాత్రం ఇవాళ పులుసే."

అంకుల్ ఠీవిగా లేచి గూటి వెనక్కి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు భుజాన ఉండాల్సిన తువ్వాలు చేతుల్లో ఉంది, తువ్వాల్లో గుడ్డుంది. సాయిప్రియ అరచేతిలో పెట్టి, "పట్టుకో తల్లీ, ఇంకా వెచ్చగానే ఉంది" అన్నారు. నిజంగానే వెచ్చగా ఉంది. నా పులుసు మీద నేను ఆశ వదిలేసుకున్నాను.

సాయిప్రియ అలవాటు కొద్దీ దాన్ని కూడా వెనక్కి తిప్పింది. తిప్పి ఆగిపోయింది. పెంకు మీద ఎర్ర సిరాతో చిన్న ముద్ర ఉంది. ఏ ఫారంలో పుట్టిందో తెలియాలని ఇక్కడ షాపుల్లో అమ్మే గుడ్ల మీద వేస్తారే, అదే.

"అంకుల్, చుక్కకి చదవడం వచ్చని చెప్పారు గానీ, రాయడం కూడా వచ్చని చెప్పలేదే?"

అంకుల్ గుడ్డుని చేయి చాపినంత దూరం పెట్టి చూశారు. కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నారు. "అది... కౌన్సిల్ వాళ్ళ రూలమ్మా" అన్నారు.

"కౌన్సిల్ వాళ్ళు గూట్లో కూర్చుని ముద్రలేస్తున్నారా?" అన్నాను నేను.

"వేణ్ణీళ్ళలో ఎంతసేపుంచారు?" అంది ఆంటీ.

అంకుల్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. సాయిప్రియే నెమ్మదిగా అంది. "అయితే గూట్లో గుడ్లు పెడుతున్నది చుక్క కాదన్నమాట. మీరే."

నాకు నవ్వుతో పొలమారింది. అంకుల్ మాత్రం నవ్వలేదు. మెట్ల మీద కూలబడ్డారు. చుక్క వచ్చి ఆయన చెప్పు అంచు పొడుస్తూ నిలబడింది.

"పొద్దున తలుపు తియ్యగానే నాకోసం నిలబడి ఉంటుందమ్మా. పెరట్లో నా వెనకాలే తిరుగుతుంది. నేను చెప్పేదంతా చివరిదాకా వినేది అదొక్కటే. దాన్ని కొయ్యొద్దు. నేను చూడలేను."

ఆ రోజు ఆయన నోట కోత లేకుండా వచ్చిన మాటలు అవే. నా కడుపులో ఆకలి నకనకలాడుతున్నా, పులుసు అడగడానికి నాకే సిగ్గేసింది.

ఆంటీ ఆయన్నీ, కోడినీ మార్చి మార్చి చూసింది. సాయిప్రియ చేతిలోంచి గుడ్డు తీసుకుంది. "గారెల్లోకి అల్లం పచ్చడి చేస్తాను, తిని వెళ్ళండి" అని మాతో చెప్పి లోపలికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, ఆయన వైపు తిరక్కుండానే అంది:

"రేపట్నుంచి గుడ్డు పెట్టేముందు ఆ ముద్ర కాస్త వెనిగర్‌తో తుడిచి పెట్టండి."