నేలకు తగిలినంకనే బంతి పట్టే శకుంతల

శకుంతల అని ఒకతె ఉండె. పదమూడేండ్లు. నా చేతికెళ్లి ఏదీ అందుకునేది కాదు, కింద పెడితెనే తీసుకునేది.

ఏందే, బాస్కెట్‌బాల్‌ల రీబౌండు ఎట్ల పట్టాలె అవ్వా అని నువ్వడిగితె, నేను శకుంతల కథ మొదలుపెట్టిన్నా? చెప్పనియ్యి జర. నీ తొందరకే నీ షాట్లు పడ్తలేవు.

మాది కనకమామిడి. మొయినాబాద్ దిక్కు మిషనోళ్ల బడి ఉండె, నేను ఆడనే హాస్టల్ల. శకుంతల షావుకారి బిడ్డ. ఆడపిల్లలకు ఇంకో బడి లేక ఆమెను గుడ ఆడనే ఏసిండ్రు. మేము కిరస్తానమోళ్లం, అంతకు ముందు ఏందో నీకెరుకే. బడి నడిపే దొరసాని ఒక గుంజకు ఇనుప వలయం కొట్టిచ్చి, తోలు బంతి ఇచ్చింది. నేను షాటేస్తె గడ్డివాము మీదికి మోపు యిసిరినట్టే, బంతి గోడవతల పడేది. దొరసాని నెత్తి పట్టుకునేది. "మోకాలు వంచు ఎస్తేరు, మోకాలు!" గూట్లె కోడిపిల్లను పెట్టినట్టు వదలాలె బిడ్డా. నాకది రాలే. శకుంతలకు వచ్చింది.

నాకు వచ్చింది రీబౌండు, వలయానికి తగిలి ఎనుకకొచ్చే బంతిని పట్టుడు. ఎట్లంటవా? మా ఊర్ల బాయిల మమ్ముల నీళ్లు చేదనియ్యకపోదురు. పెద్దింటోళ్లు పైకెళ్లి పోస్తె కింద కడువ పట్టాలె. పోసేటామె మణికట్టు ఎటు తిరుగుతదో చూసి ముందే ఆడ నిలవడాలె, లేకుంటె నీళ్లు మట్టిల. బంతి గుడ అంతే. దాన్ని చూడకు, యిసిరే చెయ్యి చూడు.

సరే, నేను పట్టాలె, ఆమె వెయ్యాలె. చేతికిస్తె పట్టదాయె. నేలకు కొట్టి పంపితె, లేచింది పట్టేది. భూమికి తగిలితె మైల పోతదట! దొరసానికి సంగతి తెల్వదు. "ఎంత మంచి పాసు!" అని చప్పట్లు.

గంతల మా బాపు వచ్చిండు. "నాట్లకు మనిషి తక్కువున్నది, పిల్లను తోల్కపోత, ఇగ చదువు చాలు" అన్నడు. దొరసాని బతిమాలితె, "శనివారం పట్నం పిల్లలతోని ఆటున్నదంటిరి గద. గెలిస్తె ఉండనియ్యుండ్రి" అన్నడు. నా చదువు, శకుంతల మడి, రెండూ ఒక్క బంతి మీద పడ్డయి.

పట్నం పిల్లలు తెలివికల్లోళ్లు. సగం ఆటల కనిపెట్టిండ్రు. మా బంతి నేలకు తగలంగనే గుంజుకునుడు! ఒక్క పాయింటు ఎనుకబడ్డం. ఆఖరుకు నేనొక రీబౌండు పట్టిన. శకుంతల వలయం కింద ఒంటిగ ఉన్నది. "పట్టుకో, లేకుంటె నీ మూతి పగుల్తది!" అని సక్కగ మొకం మీదికే యిసిరిన.

పట్టుకున్నదే! ఏసింది. పడ్డది.

బాపు ఒక్కడే నడుసుకుంట ఊరికి పోయిండు. శకుంతలను వాళ్ల నాయనమ్మ కూసోబెట్టి, నా మైల పోవాలెనని నెత్తి మీద తొమ్మిది బిందెల నీళ్లు గుమ్మరిచ్చిందట. తెల్లారి తుమ్ముకుంట వచ్చి, "ఎస్తేరూ, ఎట్లైన తడిసిన. ఇయ్యాల్టి నుంచి చేతికే ఇయ్యి" అన్నది.

నవ్వు బిడ్డా, నవ్వు, సల్లగుండు. ఆమెకు పదహారేండ్లకే మొగడు పోయిండు. పట్నం పోయి నర్సు పని నేర్చింది. ఇరవై ఎనిమిదేండ్లు దవాఖానల కాన్పులు చేసింది, ఏ ఇంటి బిడ్డనైన చేతులతోనే అందుకున్నది.