స్నానాల గది గుమ్మం

వంటింట్లో ఇద్దరు కూర్చున్నారు. ముసలివాళ్లున్న ఇళ్లకు మనుషుల్ని కుదిర్చి, ఆపైన మంచీచెడూ చూసే ఆవిడ ఒకరు. తండ్రిని ఎత్తీ ఎత్తీ నడుం పోగొట్టుకున్న కొడుకు ఇంకొకరు. కొత్తగా కుదిరినవాడు స్నానాల గదిలో ముసలాయనకు నీళ్లు పోస్తున్నాడు.

"ఒరేయ్ పెద్దోడా!" అని లోపలినుంచి కేక వినపడింది. కొడుకు లేచాడు.

"కూర్చోండి అన్నయ్యా."

"పిలుస్తున్నాడమ్మా. నీళ్లు కాలుతున్నాయేమో!"

"అది వాడు చూసుకుంటాడు. ఇంతకుముందు వాళ్లు పారిపోయింది మీ నాన్నగారికి జడిసి కాదు. గుమ్మంలో నిలబడి, సబ్బు ఇలా రుద్దు, చెంబు అలా పట్టు అని మీరు ప్రాణం తీశారట."

"ఇన్నేళ్లూ నా చేతులమీదే గడిచింది. నాకంటే బాగా ఎవడు చేస్తాడు?"

"ఇవాళ మీరు లేస్తే వీడూ పోతాడు. ఇక పంపడానికి నా దగ్గర మనుషుల్లేరు. ఆ నడుంతో మీరూ మీ నాన్నగారూ మంచం మీద పక్కపక్కన పడుకోవాల్సిందే."

కొడుకు కూలబడ్డాడు. కాసేపటికి కేకలు ఆగి, ముసలాయన పకపకా నవ్వడం వినిపించింది.

"విన్నావా తల్లీ? గొడ్డుచాకిరీ చేశాను. నా దగ్గర ఒక్కనాడు నవ్వలేదు."

"కన్నకొడుకు ముందు బట్టలు విప్పుకోవాలంటే ఏ తండ్రికి నవ్వొస్తుంది అన్నయ్యా?"

కొడుకు లేచి స్నానాల గది దాకా వెళ్లి, భుజమ్మీది తువ్వాలు తలుపు గడియకు తగిలించి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాడు.